మూకీ చిత్రాలు విసుగనిపిస్తున్నవారికి నేను సూచించే ప్రేమకథ: 1928 నాటి 'లోన్‌సమ్'

మూకీ చిత్రాలు గొప్పవని చదివి చూడబోతే పదిహేను నిమిషాలకే విసుగు వస్తోందనీ, మూకీల చివరి రోజుల్లో మహానగరం నేపథ్యంగా వచ్చిన ప్రేమకథ ఒకటి సూచించి, దానిని ఎలా చూడాలో కూడా చెప్పమనీ అడిగారు. నేను సూచించేది పాల్ ఫెయోష్ దర్శకత్వంలో యూనివర్సల్ సంస్థ 1928లో విడుదల చేసిన 'లోన్‌సమ్'. దీని నిడివి గంటా పది నిమిషాలకు మించదు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మాటలు లేకపోవడమే మూకీ చిత్రానికి లోటు అని మీకు అనిపిస్తున్నట్లుంది; ఈ చిత్రంలో మూడు చోట్ల పాత్రలు మాట్లాడతాయి, సరిగ్గా ఆ మూడు చోట్లే చిత్రం కుంటుతుంది.

కథ చెప్పుకోవడానికి రెండు ముక్కలు చాలు. న్యూయార్క్‌లో మేరీ టెలిఫోన్ ఆపరేటరు, జిమ్ కర్మాగారంలో ప్రెస్సు యంత్రం మీద పనిచేసే కార్మికుడు. ఇద్దరూ చెరొక అద్దె గదిలో ఒంటరిగా బతుకుతున్నారు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 పండుగకు ముందు వచ్చిన శనివారం, సగం పూట పని ముగిశాక, తోటివారంతా జంటలుగా వెళ్లిపోతే తోచుబాటు కాక ఎవరికి వారు ఆటపాటల వినోదాలుండే కోనీ ఐలండ్ సముద్రతీరానికి బయలుదేరి, అక్కడ పరిచయమై, ప్రేమలో పడి, రాత్రి ఆ జనసందోహంలోనే ఒకరినొకరు పోగొట్టుకుంటారు. ఒకరికొకరి ఇంటి పేరు గానీ చిరునామా గానీ తెలియదు. కథగా చూస్తే ఇది పత్రికలో రెండు పేజీలకు సరిపోయే సరుకు, అందుకే కథ కోసం చూసేవారికి ఇది తేలికగా అనిపించి, వెంటనే మరచిపోయే ప్రమాదం ఉంది.

చూడవలసింది ఉదయపు పని వేళను. జిమ్ యంత్రం ముందు, మేరీ ఫోన్లు కలిపే స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న దృశ్యాలను ఒకదాని వెంట ఒకటి చూపిస్తూ, వాటి మీద ఒక పెద్ద గడియారపు ముఖాన్ని ముద్రించారు. ఇద్దరూ పనిచేస్తూ ఉంటారు, వారి మీదుగా ముళ్లు తిరుగుతూ ఉంటాయి. మేరీ చుట్టూ ఫోన్ చేస్తున్నవారి ముఖాలు ఒకదానిపై ఒకటి పేరుకుపోతాయి. నేను ఈ చిత్రాన్ని రెండోసారి చూసినప్పుడు పక్కన మా పెద్దమ్మ ఉంది. ఆవిడ దూరపు ఊళ్లకు ఫోన్లు కలిపే విజయవాడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. మూకీల్లో మధ్యమధ్య మాటలు రాసి చూపే కార్డుల మీది ఇంగ్లీషు నేను తెలుగులో చెబుతానంటే వద్దంది. ఈ దృశ్యం రాగానే మాత్రం వెనక్కి తిప్పమని, మళ్లీ చూసి, "మాకు మొహాలు ఎక్కడ కనపడేవిరా, గొంతును బట్టి ఈయన ఇలా ఉంటాడు, ఈవిడ అలా ఉంటుంది అని ఊహించుకునేవాళ్లం. డ్యూటీ దిగాక కూడా ఇదిగో ఇలాగే చుట్టూ మూగేవాళ్లు" అన్నది. కెమెరాలో ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చిత్రించే నేర్పు అని మాత్రమే నేను అప్పటిదాకా మెచ్చుకున్న ఆ దృశ్యం, ఆ పని చేసిన మనిషికి ఉన్నదున్నట్లు కనిపించిందని తెలిసినప్పటి నుంచి, ఇటువంటి చోట్ల ఎలా తీశారని కాకుండా ఎవరి అనుభవం ఇదని అడుగుతూ చూడడం అలవాటు చేసుకున్నాను.

ఛాయాగ్రాహకుడు గిల్బర్ట్ వారెంటన్ కెమెరాను ఒక్కచోట నిలబెట్టలేదు. 1927, 28 సంవత్సరాల నాటికి హాలీవుడ్‌లో కెమెరా తాను కోరిన చోటికల్లా వెళ్లగలిగే స్థితికి వచ్చింది. సరిగ్గా అప్పుడే శబ్దం వచ్చి దాన్ని కట్టిపడేసింది. పాటలూ కొన్ని మాటలూ వినిపించిన చిత్రం 'ది జాజ్ సింగర్' 1927 అక్టోబరులో విడుదలై జనాన్ని విరగబడేలా చేయడంతో, నిర్మాణ సంస్థలు సిద్ధమైన మూకీలకు కూడా కొన్ని మాటల దృశ్యాలు అతికించి విడుదల చేయసాగాయి. 'లోన్‌సమ్'కు పట్టిన గతి అదే. సముద్రతీరంలో ఇసుక కనిపించనంత జనం మధ్య కూర్చున్న జిమ్, మేరీలు మాట్లాడడం మొదలుపెట్టేసరికి చుట్టూ ఉన్న జనమంతా మాయమైపోతారు; ఇద్దరూ స్టూడియోలో మైకు అందేంత దూరంలో కదలకుండా కూర్చుని, బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్లు సంభాషణలు వల్లిస్తారు. కెమెరా చప్పుడు మైకులో పడకుండా దానిని ఒక పెట్టె వంటి గదిలో మూసివేయవలసిన రోజులవి. పోలీసు స్టేషనులో జిమ్ వాదించే దృశ్యమూ అంతే. ఈ దృశ్యాలను దాటవేయమని కొందరు సలహా ఇస్తారు గానీ నేను ఒప్పుకోను. అవి ముగిసి, మళ్లీ నోళ్లు మూతపడి, కెమెరా జనంలోకి దూకిన క్షణంలో మీకు కలిగే ఊరట చూడండి. మూకీ అంటే ఏమిటో నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నేను ఎక్కడా చూడలేదు.

రాత్రి దృశ్యాల్లో కోనీ ఐలండ్ దీపాలకు రంగులద్దారు. నలుపు తెలుపుల మధ్య ఒక్కసారిగా విచ్చుకునే ఆ రంగులు కాస్త మిఠాయి కొట్టును తలపిస్తాయన్న మాట నిజమే, కానీ ఆ పూట ఆ ఇద్దరి కంటికి లోకం అలాగే ఉన్నదని గుర్తుంచుకుంటే ఎబ్బెట్టుగా ఉండదు. తరువాత పక్కపక్క పట్టాలపై పోటీగా పరుగెత్తే రోలర్ కోస్టర్‌లో ఇద్దరూ వేరు వేరు బండ్లలో పడిపోవడం, మేరీ ఎక్కిన బండి చక్రానికి నిప్పంటుకోవడం, ఆమె స్పృహ తప్పడం, జనాన్ని తోసుకుంటూ వెళ్లబోయిన జిమ్‌ను పోలీసు పట్టుకోవడం వరుసగా జరిగిపోతాయి. పగలు వీరిని కలిపిన జనమే ఇప్పుడు గోడగా నిలుస్తుంది. చిత్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే: దుర్మార్గుడు ఒక్కడూ లేడు, ఎవరూ వీరికి కీడు తలపెట్టలేదు, జనం ఎక్కువగా ఉండడమొక్కటే చాలింది.

ముగింపు ముందే తెలియడం ఇష్టం లేకపోతే ఈ పేరా వదిలేయండి. వానలో తడిసి, ఆశ వదులుకుని గదికి చేరిన జిమ్, తాము కలిసి నాట్యం చేసిన ఇర్వింగ్ బెర్లిన్ పాట 'ఆల్వేస్' రికార్డును గ్రామఫోను మీద పెడతాడు. పక్క గదిలో ఉన్న మనిషి ఆ పాట వినలేక గోడను బాదుతుంది. ఆ పక్క గదిలో ఉన్నది మేరీయే. ఇది మరీ కాకతాళీయమని నవ్వేవారు ఉన్నారు, మొదటిసారి నేనూ పెదవి విరిచాను. అయితే వీరి కథ ఒక చప్పుడు గోడ దాటి వినిపించడం వల్ల తేలుతుంది, అదీ మూకీగా తీసిన చిత్రంలో; ఆ సాహసం చూశాక నాకు ఫిర్యాదు లేకపోయింది. పైగా ఏళ్ల తరబడి పక్క ఫ్లాటు వారి పేరు తెలియకుండా బతుకుతున్న మనం దీన్ని అసంభవమని కొట్టిపారేయడం కష్టం.

దర్శకుడి గురించి ఒక్క మాట. ఫెయోష్ 1897లో బుడాపెస్టులో పుట్టి, వైద్యం చదివి, అమెరికా చేరి, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ ప్రయోగశాలలో పనిచేసిన తరువాతనే హాలీవుడ్‌కు వెళ్లాడు. ఆ నగరంలో ఎవరూ తెలియని మనిషిగా బతకడం ఆయన ఎరిగిన సంగతే. చివరకు సినిమాలు వదిలి మానవశాస్త్రం వైపు మళ్లి, న్యూయార్క్‌లోనే పరిశోధనలకు నిధులిచ్చే వెన్నర్-గ్రెన్ సంస్థకు సారథిగా ఉంటూ 1963లో మరణించాడు. ఒక శనివారం జనం ఎలా లేస్తారు, ఎలా తింటారు, ఎలా వాహనాల్లో కిక్కిరుస్తారు అని ఇంత శ్రద్ధగా గమనించిన దర్శకుడు ఆ శాస్త్రంలోకి వెళ్లడం నాకు వింతగా తోచలేదు.

ఇక చూసే పద్ధతి. నాసిరకం కాపీలు వేగం తప్పి మనుషులను కీలుబొమ్మల్లా పరుగెత్తిస్తాయి. మీకు వచ్చిన విసుగులో సగం దానివల్లే కావచ్చు. అందువల్ల అమెరికాలోని సినిమా మ్యూజియం జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ పునరుద్ధరించగా, 2012లో క్రైటీరియన్ సంస్థ డిస్కుగా విడుదల చేసిన ప్రతినే వెతకండి. సంగీతాన్ని ఆపవద్దు, అది చిత్రంతో పాటే విడుదలైనది. ఫోను పక్క గదిలో పెట్టండి, ఎందుకంటే మాటల సినిమాలో తల దించుకున్నా చెవి పనిచేస్తుంది గానీ ఇక్కడ పది సెకన్లు కళ్లు తిప్పితే ఒక సన్నివేశమే పోతుంది.

ఇది నచ్చితే ఆ తరువాత కింగ్ విడోర్ తీసిన 'ది క్రౌడ్' చూడండి. అదీ 1928 నాటిదే, అదీ న్యూయార్క్ కథే, అందులోని జంట కూడా కోనీ ఐలండ్‌కు వెళుతుంది. అయితే 'లోన్‌సమ్' ముగిసే చోట, అంటే ఇద్దరూ ఒక్కటైన దగ్గర, దాని అసలు కథ మొదలై, అద్దె ఇల్లు, చాలని జీతం, పోయిన ఉద్యోగం వరకూ సాగుతుంది. రెండింటినీ ఒకే రాత్రి మాత్రం పెట్టుకోవద్దు. 'ది క్రౌడ్'లో ఒక పసిబిడ్డ మరణం ఉంది, దానికి తగిన సమయం ఇవ్వవలసి ఉంటుంది.