అడవుల్లో ఉద్యోగం కావాలంటే ముందు స్పానిష్ నేర్చుకోమనండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో రాంచో కుకమాంగాలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారాలు లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) స్నేహితులతో కలిసి శాన్ గాబ్రియేల్ నది దగ్గరికి వెళ్తుంది. ఒడ్డున చెత్త ఏరతారు, అక్కడికొచ్చే కుటుంబాలతో మాట్లాడతారు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వ అడవుల సంరక్షణలోనే ఉద్యోగం చేస్తానంటోంది. అది లాటినోలు తమ కోసం చేసుకుంటున్న పని కదా, అందులో మా అమ్మాయికి చోటుంటుందా? అసలు ఆ ఉద్యోగాలు దొరుకుతాయా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: చోటుందండి. అయితే అది ఎలాంటి చోటో మీ అమ్మాయి ముందే తెలుసుకోవాలి.

మీ ఇంటి నుంచి కనిపించే ఆ శాన్ గాబ్రియేల్ కొండల సంగతే చూడండి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో జనానికి అందుబాటులో ఉన్న ఆరుబయలు ప్రదేశంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది. తాగునీళ్లలో సుమారు 30 శాతం అక్కణ్నుంచే వస్తుంది. కొండల కింద ఎల్ మాంటే, బాల్డ్విన్ పార్క్, లా ప్యూంటే లాంటి ఊళ్లలో ఎక్కువమంది లాటినోలు, పార్కులు మాత్రం తక్కువ. ఎండాకాలం ఆదివారం పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలంటే చాలా కుటుంబాలకు ఆ నదే దిక్కు. సిబ్బందీ సౌకర్యాలూ చాలక ఒడ్డున చెత్త పేరుకుంటే, తప్పంతా ఆ కుటుంబాల మీదే వేసినవాళ్లున్నారు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ స్థితి మార్చడానికి అక్కడివాళ్లే పూనుకున్నారు. లా ప్యూంటేలో పెరిగిన హిల్డా సొలీస్ కాంగ్రెస్ సభ్యురాలిగా ఉన్నప్పుడు, 2003లో, ఈ నదీ పరీవాహక ప్రాంతాన్ని నేషనల్ పార్క్ సర్వీసు అధ్యయనం చేసేలా చట్టం తెచ్చారు. ఆమె ఒబామా ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా వెళ్లాక ఆ సీటుకు ఎన్నికై, ఈ పనిని ముందుకు తీసుకెళ్లింది జూడీ చూ. ఆమె లాటినా కాదు, చైనీస్ అమెరికన్. స్థానిక సంఘాలతో కలిసి ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పనిచేశారు. 2014 అక్టోబర్ 10న ఒబామా ఆ కొండల్లో సుమారు 3.46 లక్షల ఎకరాలను నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రత్యేక రక్షణ ఉన్న ప్రభుత్వ భూమిగా, ప్రకటించారు. 2024 మేలో బైడెన్ మరో 1.06 లక్షల ఎకరాల దాకా కలిపారు. మీ అమ్మాయికి చోటుంటుందా అన్నదానికి జూడీ చూ కంటే మంచి జవాబు నా దగ్గర లేదు. కాకపోతే ఈ పని మొదలుపెట్టినవాళ్ల పక్కన నిలబడి చేయాలి. వాళ్ల తరఫున తనే మాట్లాడేయకూడదు.

ఇంకో సంగతి కాలేజీలో చెప్తారో లేదో గానీ, నేను మాత్రం చెప్పి తీరతాను. ప్రభుత్వ అడవుల్ని చూసే ఫారెస్ట్ సర్వీస్ యూనిఫాం చూస్తే అందరికీ నమ్మకం కలగదు. న్యూ మెక్సికోలో స్పెయిన్, మెక్సికో పాలనలో గ్రామాలకిచ్చిన ఉమ్మడి భూములు, 1848 ఒప్పందంతో ఆ ప్రాంతం అమెరికా చేతికొచ్చాక క్రమంగా ఊళ్లవాళ్ల చేతుల్లోంచి జారిపోయాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు నేషనల్ ఫారెస్టుల్లో ఉంది. ఆ కోపంతోనే 1966లో ఆ భూముల హక్కుల కోసం పోరాడిన రేయెస్ లోపెస్ తిహెరీనా అనుచరులు కార్సన్ నేషనల్ ఫారెస్టులో కొంత భాగాన్ని ఆక్రమించారు. మరుసటి ఏడాది ట్యెర్రా అమరిల్లా కోర్టు మీద దాడి జరిగింది. ఆ ఊళ్లలో అసేకియాలనే ఉమ్మడి కాలువలు నేటికీ పారుతున్నాయి. మన తెలంగాణ చెరువుల కింద నీరటి ఎలాగో, అక్కడ మాయోర్దోమో అలా వంతుల ప్రకారం నీళ్లు పంచుతాడు. ఏటా కాలువ పూడిక తీయడానికి ప్రతి కుటుంబమూ పనికి రావాలి. అంటే సంరక్షణ వాళ్లకు తరాల నుంచి అలవాటైన పని. 2013లో అక్కడే రియో గ్రాండే డెల్ నార్తే మాన్యుమెంట్ ప్రకటించినప్పుడు వంటచెరకు, పిన్యోన్ అనే పైన్ చెట్ల గింజలు ఏరుకునే పాత అలవాటును అందులో గుర్తించారు. ఆ జాగ్రత్త లేకపోతే స్థానికుల మద్దతు దొరకడం కష్టం.

అందుకే నా మొదటి సలహా స్పానిష్. ఒకటి రెండు కోర్సులతో ఆపకుండా, నది ఒడ్డున అమ్మమ్మలతో ధారాళంగా మాట్లాడగలిగేదాకా నేర్చుకోమనండి. తర్వాత జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో పటాలు తయారుచేయడం), కొంత పబ్లిక్ పాలసీ. సొలీస్ కాల్ పాలీ పొమోనాలో చదివింది పొలిటికల్ సైన్స్. 2009లో ప్రభుత్వ భూములు, నేషనల్ పార్కులు చూసే ఇంటీరియర్ శాఖకు మంత్రి అయిన కెన్ సలజార్ లాయరు. ఈ రంగంలోకి రావడానికి సైన్స్ డిగ్రీ ఒక్కటే దారి కాదు.

ఇక ఉద్యోగాలు. మీ భయం అర్థరహితమని చెప్పను. 2025లో పార్క్ సర్వీసు, ఫారెస్ట్ సర్వీసుల నుంచి వేలమందిని తీసేశారు. మామూలు రోజుల్లో కూడా చాలామంది సీజనల్ పోస్టుతోనే మొదలుపెడతారు, అది ఏడాదికి 1,039 గంటలు దాటదు. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చే స్థాయిలో ఉండదు. ఈ విషయం ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత దెప్పుకోవడం కంటే అదే మంచిది. ఆమె పౌరురాలు కాబట్టి ఫెడరల్ ఉద్యోగాలకు అడ్డేమీ లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన పిల్లలకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

పబ్లిక్ ల్యాండ్ కోర్ అనే ఏర్పాటు గురించి తెలుసుకోమనండి. 30 ఏళ్ల లోపు యువత అర్హమైన ప్రాజెక్టుల్లో 640 గంటలు పూర్తి చేస్తే, రెండేళ్లపాటు కొన్ని ఫెడరల్ పోస్టులకు బహిరంగ పోటీ లేకుండా ఎంపికయ్యే వీలుంటుంది. మామూలు వాలంటీర్ గంటలు అందులోకి రావు కాబట్టి, ఏ ప్రాజెక్టులోనైనా చేరేముందు ఈ 640 గంటలకు సర్టిఫికెట్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. కాలిఫోర్నియా కన్జర్వేషన్ కోర్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లను జీతమిచ్చి తీసుకుంటుంది. 2030 నాటికి 30 శాతం భూమిని కాపాడతామని రాష్ట్రం లక్ష్యం పెట్టుకుంది కనుక, నేనైతే ఇప్పుడు ఫెడరల్ కంటే రాష్ట్ర ఉద్యోగాల మీదే ఎక్కువ దృష్టి పెట్టమంటాను. లాటినో అవుట్‌డోర్స్, హిస్పానిక్ యాక్సెస్ ఫౌండేషన్ లాంటి సంస్థల్లో పనిచేసిన అనుభవం ఆ ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది.

వేసవి పోస్టుల ప్రకటనలు చాలావరకు శీతాకాలంలోనే వస్తాయి, కొన్ని కొద్దిరోజులకే మూసేస్తారు. సెమిస్టర్ పరీక్షలకు ముందే రెజ్యూమే రాసి పెట్టుకోమనండి. ఆదివారాల పనిని అందులో ఒక్క లైనుతో సరిపెట్టకుండా, ఏ నెల నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఏం చేసిందో వివరంగా రాయాలి. ఫెడరల్ దరఖాస్తుల్లో ఆ గంటల లెక్క కూడా చూస్తారు.