తల ఊపును పాడేదెలా

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా మెటల్ బ్యాండ్ ఐస్డ్ ఎర్త్ ఆల్బమ్ ‘ది గ్లోరియస్ బర్డెన్’ మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు ముచ్చటేసింది. ‘హెవీ మెటల్’ని ‘భారలోహ సంగీతం’ అన్నావు చూడు, అది మాత్రం కొట్టెయ్. పాత ఇనప సామాన్ల కొట్టు గుర్తొచ్చింది నాకు. మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కని, అదే రిఫ్‌ని, రిఫ్ అనే రాయి.

పాత గాయకుడు మాట్ బార్లో వెళ్లడానికీ, ఆ చోటికి టిమ్ ‘రిప్పర్’ ఓవెన్స్ రావడానికీ పేజీన్నర పట్టింది నీకు. రెండు వాక్యాలు చాలు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత బార్లో మనసు పోలీసు ఉద్యోగం మీదికి మళ్లింది. ఓవెన్స్ అంతకుముందే జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్‌లో రాబ్ హాల్‌ఫర్డ్ స్థానంలో పాడినవాడు. పాపం, రెండోసారీ ఇంకొకరు లేచిన పీటే దొరికింది, మళ్లీ పోలికలే. నువ్వూ ఒకటి తగిలించావు.

2004లో వచ్చిన ఆ ఆల్బమ్ చివర అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధం మీద పాట ఉంది కదా. 1863 జులై 1, 2, 3 తేదీలు, మూడు భాగాలు, అరగంట పైమాటే, గిటార్లతో పాటు ప్రాగ్ ఆర్కెస్ట్రా. దానికి నువ్విచ్చింది ఐదు లైన్లు! అందులోనూ ‘51 వేలమంది మరణించారు’ అన్నావు. ఆ లెక్కలో గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు అందరూ ఉన్నారు. ప్రాణాలు పోయింది సుమారు 8 వేలమందికి. ఇంకో యుద్ధం విషయంలో నేనూ ఇలాగే రాసి, ఒక పాఠకుడి చేత పోస్టుకార్డు మీద చీవాట్లు తిన్నాను.

మూడో భాగం మళ్లీ విను. కొండవాలు మీదికి దాడి చెయ్యాలంటాడు దక్షిణాది సేనాపతి జనరల్ లీ. అది గెలిచే దాడి కాదంటాడు ఆయన కింది జనరల్ లాంగ్‌స్ట్రీట్. ఇద్దరి మాటలూ ఓవెన్సే పాడతాడు. కొత్త గాయకుడు ఎలా ఉన్నాడో చెప్పాలంటే బార్లో దాకా ఎందుకు? పంతం పట్టిన సేనాపతీ, ఎదురు చెప్పలేక చెబుతున్న కిందివాడూ ఆ ఒక్క గొంతులో విడివిడిగా వినిపించారా లేదా, అది చెప్పు.

తర్వాత యుద్ధంలో జరిగింది చూడు. కదలమంటారా అని దాడికి దిగాల్సిన జనరల్ పికెట్ అడిగితే లాంగ్‌స్ట్రీట్‌కి నోరు పెగల్లేదు. తల ఊపాడు, అంతే. సుమారు 12,500 మంది ముప్పావు మైలు ఆరుబయట ఫిరంగులకు ఎదురు నడిచారు. గంటలోపే దాదాపు సగంమంది పోయారో, గాయపడ్డారో, చిక్కారో. ఆ తల ఊపుని మెటల్‌లో పాడటం ఎలా? అరిస్తే అబద్ధమవుతుంది. పాట చెయ్యలేనిది వచనానికి చేతనవుతుంది. ఆ చోటు నీది.

ఇంకోటి. పాటలు రాసిన జాన్ షాఫర్ 2021 జనవరి 6న అమెరికా చట్టసభల భవనం కాపిటల్‌లోకి చొరబడ్డ గుంపులో ఉన్నాడు, నేరం ఒప్పుకున్నాడు. దేశభక్తి నిండిన ఆల్బమ్ గురించి రాస్తూ దాన్ని దాటేస్తే పాఠకుడు నిన్ను నమ్మడు. అలాగని తీర్పూ చెప్పకు. ఒక్క వాక్యం, తేదీతో సహా.

ఇప్పుడే తిరగరాయకు. పాట సాహిత్యం ఎదురుగా పెట్టుకోకుండా విని, లీ ఎక్కడ ఆగాడో, లాంగ్‌స్ట్రీట్ ఎక్కడ అందుకున్నాడో నీ చెవికి తోచినచోటల్లా నిమిషం, సెకను రాసుకో. ముందు ఆ కాగితం పంపు.

ఆశీస్సులతో.