నీతికి వ్యతిరేకం అవినీతేనా?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. తెలుగు పరీక్షలో 'నీతి'కి వ్యతిరేక పదం 'అవినీతి' అని రాస్తే, టీచర్ కొట్టేసి 'అనీతి' అని దిద్దారు. పేపర్లో, టీవీలో అంతా అవినీతి అనే అంటారు కదా, ఏది సరైనది? నీతి, నైతికత ఒకటేనా? వాడు ఇంకో ప్రశ్న కూడా వేశాడు: 'అసలు నీతి ఎక్కడి నుంచి వచ్చింది? దేవుడు చెప్పాడా, పెద్దోళ్లు చెప్పారా?' ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక తల్లి, పలమనేరు

సమాధానం: ముందు ఆ మార్కు సంగతి చూద్దాం. వ్యాకరణం టీచర్ వైపే ఉంది. నీతికి ముందు 'అ' చేరిస్తే అనీతి అవుతుంది. అవినీతిలో ఉన్నది అ + వినీతి. వినీతి అంటే అణకువ, మంచి తర్ఫీదు. చక్కగా మాట వినే గుర్రాలను అమరకోశమనే సంస్కృత నిఘంటువు 'వినీతాః' అంటుంది. ఆ లెక్కన అవినీతి అంటే చెప్పిన మాట వినకపోవడం, పొగరు. మొండికేసిన గుర్రానికీ, బల్ల కింద చెయ్యి చాపే గుమాస్తాకూ సంబంధం ఏమిటని మీరడగవచ్చు. మాటలు అట్లాగే తిరుగుతాయి. అవినీతి నిరోధక శాఖ అని బోర్డే పెట్టుకున్నాక ఇప్పుడు ఎవరు కాదంటారు?

అయినా ఈ రెండు మాటలూ తమలో తాము పంచుకున్నాయి. లంచం పుచ్చుకున్నవాడిని అవినీతిపరుడు అంటాం. కన్న తల్లికి అన్నం పెట్టనివాడిని అట్లా అనం, 'నీతిమాలినవాడు' అంటాం. అవినీతి అనగానే ఆఫీసు, ఫైలు, డబ్బు గుర్తొస్తాయి. అనీతి అన్నింటికీ వర్తిస్తుంది. అందువల్ల వ్యతిరేక పదంగా అనీతే సరి. వాడుకను పట్టుకుని రాసిన పిల్లవాడికి నేనైతే అర మార్కు వేసేవాణ్ణి.

నీతికి మూలం 'నీ' ధాతువు. తీసుకుపోవడం, నడిపించడం దాని అర్థం. నేత, నాయకుడు ఆ ఇంటివాళ్లే. చూపు నడిపించే నేత్రమూ, పిల్లవాణ్ణి గురువు దగ్గరికి చేర్చే ఉపనయనమూ అక్కడివే. ఎటు నడిపించాలన్నది మాత్రం ఆ మాట చెప్పదు. అందుకే పాతకాలంలో నీతి అంటే మంచితనం కన్నా ఉపాయం, పని నడిపే తీరు అనే అర్థమే ముందుండేది. రాజనీతి, దండనీతి అట్లా పుట్టినవే. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రభేదం తీసి చూడండి. దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్ల పెట్టి, స్నేహం చెడగొట్టి, తన పని నెరవేర్చుకుంటుంది. చిన్నప్పుడు నాకు ఇదేం నీతి అనిపించేది! హిందీలో ఇప్పటికీ నీతి అంటే విధానమే. 2015లో నీతి ఆయోగ్ వచ్చినప్పుడు మా వీధి పెద్దాయనొకరు, దేశానికి బుద్ధులు చెప్పడానికి కమిటీ వేశారని సంబరపడ్డారు.

నైతిక అనే మాట వేదం నుంచి వైదిక వచ్చినట్టే నీతి నుంచి వచ్చింది. దానికి 'త' చేరిస్తే నైతికత. తప్పేమీ లేదు గానీ, ఇంగ్లిష్ 'మోరల్' చేసే పనంతా దీని నెత్తిన పెట్టుకున్నాం. 1956లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారంటే ఆ మాటకు బరువుంది. డిపాజిట్ పోయిన అభ్యర్థి 'నైతిక విజయం మాదే' అన్నప్పుడు ఉన్న బరువు మీకూ తెలుసు. మోరల్‌కు లాటిన్‌లో మూలం 'మోరెస్', అంటే ఆచారాలు. గ్రీకువాళ్ల 'ఎథిక్స్'కు సమానంగా రోమన్ రచయిత సిసిరో ఆచారం అనే మాట నుంచే కొత్త మాట చేశాడు. నలుగురూ చేసేదే నీతి అని ఆ మాట ఒప్పుకున్నట్టే.

ధర్మం సంగతి తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిలబెట్టేది అని దాని అసలు అర్థం. ఇక్కడ ధర్మదర్శనం, ధర్మసత్రం అంటే డబ్బు అడగనివి.

ఇవన్నీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత మాటలు చూడండి. 'నీకిది తగునా' అనే తగు నుంచి తగవు వచ్చింది. ఒకప్పుడు తగవంటే న్యాయం, ఇప్పుడు పోట్లాట. న్యాయం తేల్చడానికి కూర్చున్నచోట చివరికి మిగిలేది అదే కాబోలు. పాడి అన్నా న్యాయమే, కానీ మన చిత్తూరు వైపు ఆ మాట వింటే పాల క్యాన్లే కళ్ల ముందు కనిపిస్తాయి.

నాకు వీటన్నిటికన్నా 'తప్పు' ఇష్టం. మొన్న శుక్రవారం సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర మల్లెపూలు కొన్నాను. పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా మాల కొలిచి, అక్కడ తుంచకుండా ఇంకో నాలుగు వేళ్లు జరిపి తుంచింది. 'ఎందుకమ్మా ఎక్కువిస్తావు?' అన్నాను. 'ఎక్కువేం కాదు సామీ, నా చెయ్యి పొట్టి. మూర తప్పకూడదు కదా' అని చిల్లర కోసం సంచిలో వెతుక్కుంది.

మూర తప్పడం! గురి తప్పింది, అడుగు తప్పింది, దారి తప్పాడు, మాట తప్పాడు అన్నట్టే. ఉండాల్సిన చోటు నుంచి జారిపోవడమే తప్పడం, అట్లా జారిపోయినదే తప్పు. ఇదే మాటకు చివర 'దు' చేరిస్తే 'తప్పదు'. మేనమామ కూతురి పెళ్లికి పోక తప్పదు, అప్పు తీర్చక తప్పదు. చేయకూడనిదాన్నీ, చేసి తీరాల్సినదాన్నీ ఒకే మాటతో చెప్పుకుంటున్నాం. పైగా ఇది మన ఒక్కరిదే కాదు. తమిళంలోనూ కన్నడంలోనూ తప్పు తప్పే. మూడు భాషలూ వినిపించే పలమనేరులో ఉన్న మీకు ఇది కొత్త కాదు.

ఇక మీవాడి ప్రశ్న. దేవుడా, పెద్దోళ్లా అన్నది నిఘంటువు తేల్చే విషయం కాదు. కానీ నీతి అనే మాటలో ఎవరో ముందు నడుస్తున్నారు. మోరల్‌లో నలుగురూ ఉన్నారు. తప్పులో మాత్రం ఒక కొలత ఉంది, అది ఎవరు పెట్టారో ఆ మాట చెప్పదు. కిలో రాళ్లకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. మూరకు ఎవరి ముద్రా లేదు, ఆమె నాలుగు వేళ్లు తగ్గించినా నాకు తెలిసేది కాదు. బహుశా ఆ కొలత వాళ్ల అమ్మ చూపించి ఉంటుంది. చెయ్యి పొట్టి కాబట్టి ఇంకొంచెం ఇవ్వాలన్న లెక్క మాత్రం ఆమె సొంతమేనని నా నమ్మకం. రెండూ కలిస్తేనే నీతి అని మీవాడికి చెప్పి చూడండి.

వాడు ఊరుకోకపోతే, ఒకరోజంతా ఇంట్లో ఎవరెవరు 'తప్పు' అన్నారో, ఎవరెవరు 'తప్పదు' అన్నారో ఒక కాగితం మీద రాయమనండి. ఆ కాగితం నాకూ పంపండి. మీ పేరు ఏ వైపు ఎక్కువసార్లు ఉందో చూడాలని ఉంది.