అమెరికా అధ్యక్షులు కావాలంటే హార్వర్డ్, యేల్‌లలోనే చదివి ఉండాలా?

ఏమాత్రం అక్కర లేదు. 1989 నుంచి 2021 వరకు వరుసగా వచ్చిన అయిదుగురూ యేల్, హార్వర్డ్, పెన్సిల్వేనియా వంటి పేరున్న విశ్వవిద్యాలయాల పట్టభద్రులు కావడంతో చాలామందికి ఈ అభిప్రాయం ఏర్పడింది. అంతకు ముందు చరిత్ర వేరు. లింకన్ బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు. దర్జీ దగ్గర పనికి కుదిరిన ఆండ్రూ జాన్సన్ బడి గడప తొక్కనే లేదు. ట్రూమన్‌కు డిగ్రీ లేదు.

అమెరికా అధ్యక్షులందరిలో నాకు ఆత్మీయుడనిపించేది 1963 నుంచి 1969 వరకు ఆ పదవిలో ఉన్న లిండన్ జాన్సన్. మా నాన్నగారు టెక్సాస్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, జాన్సన్ నాలుగేళ్ల వయసులో చదివిన జంక్షన్ స్కూలును చూపించడానికి స్టోన్‌వాల్ తీసుకువెళ్లాను. అది ఒకే గది ఉన్న బడి. ప్రకాశం జిల్లాలో ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులనూ ఒక్క గదిలో నడిపిన నాన్నగారు, “చిన్నపిల్లలను ఏ వైపు కూర్చోబెట్టేవారో కనుక్కో అమ్మా” అన్నారు. జాన్సన్ టీచరమ్మ కేట్ డెడ్రిక్ ఒళ్లో కూర్చుని పాఠం అప్పజెప్పేవాడని చెబితే, “అంత చిన్నవాడు అలాగైతేనే చదువుతాడు” అని ఎంతో సంతోషించారు. పాఠశాలలకు ఫెడరల్ నిధులు అందించే చట్టంపై జాన్సన్ 1965 ఏప్రిల్ 11న సంతకం చేసింది ఆ బడి దగ్గరే, ఆ టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకునే.

ఆయన డిగ్రీ శాన్ మార్కస్‌లోని ఉపాధ్యాయ కళాశాలది. చదువుకు డబ్బు చాలక మధ్యలో ఒక ఏడాది ఆగి, 1928లో కొటుల్లా అనే ఊళ్లో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పారు. మనవారి పెళ్లిసంబంధాలలో అలాంటి కాలేజీ పేరు చెబితే పెదవి విరుస్తారు. మా చెల్లెలికి వచ్చిన ఒక మంచి సంబంధం, ఆమె చదివిన కాలేజీ పేరు ఎన్నడూ వినలేదన్న ఒక్క కారణంతో తప్పిపోయింది. ఆ బాధ మా ఇంట్లో ఇంకా ఉంది.

చదువు పేరును బట్టి మనిషిని కొలిచేవారు ఉడ్రో విల్సన్‌ను చూడాలి. పీహెచ్‌డీ ఉన్న ఏకైక అమెరికా అధ్యక్షుడు ఆయనే. అంతకు ముందు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాన్ని నడిపారు. అయినా ఆయన హయాంలోనే ఫెడరల్ కార్యాలయాలలో నల్లజాతి ఉద్యోగులను తెల్లవారి నుంచి వేరుచేయడం విస్తరించింది. 1964 పౌరహక్కుల చట్టంపైనా, 1965 ఓటుహక్కు చట్టంపైనా సంతకం చేసింది మాత్రం శాన్ మార్కస్ పట్టభద్రుడు. హార్వర్డ్‌లో చదివి ఉంటే ఆ పట్టుదల ఆయనకు వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. ఓటుహక్కు చట్టం కావాలని 1965 మార్చిలో కాంగ్రెస్ ఎదుట నిలబడినప్పుడు, కొటుల్లాలో ఉదయం ఏమీ తినకుండా ఆకలితో తరగతికి వచ్చిన తన విద్యార్థుల గురించే ఆయన చెప్పారు.