చోక్ లాగితే కుదురుకునే బండికి కొత్త కార్బ్యురేటర్ ఎందుకు?

ప్రశ్న: సార్, మాది తాతగారి నాటి మోరిస్ మైనర్, 1098 సీసీ, ఒకటే ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. వేడెక్కాక చోక్ లోపలికి నెడితే వణుకుతూ మిస్ కొడుతుంది, సిరిపురం సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. సగం చోక్ లాగితే మళ్లీ మామూలే. మెకానిక్ మారుతి 800 కార్బ్యురేటర్ వేసేద్దామంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఎస్‌యూలో చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, లాగినకొద్దీ కింద జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) దిగి అందులోని సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది (మొదట కాస్త లాగినంతవరకు ఐడిల్ మాత్రమే పెరుగుతుంది, మీరు సగం లాగుతున్నారు కాబట్టి జెట్ దిగుతున్నట్టే). పెట్రోలు పెంచితే కుదురుకుంటోందంటే మిక్చర్ లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) ఉంది, బహుశా ఎక్కడో గాలి దూరుతోంది. ప్లగ్గులు విప్పి చూడండి, కొన తెల్లగా ఉంటే అనుమానం బలపడినట్టే.

కార్బ్యురేటర్ జోలికి వెళ్లే ముందు డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ పుట్టించే పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ., ట్యాపెట్ల (వాల్వుల) సందు చల్లటి ఇంజిన్ మీద 0.30 మి.మీ. ఉన్నాయో లేదో చూడాలి. మన సముద్రపు గాలికి ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ చివర్లు పచ్చగా చిలుం పడతాయి, వాటిని గీకి బిగించండి.

ఆ తర్వాత కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ రేకును తిప్పే ఇరుసును, అంటే థ్రాటిల్ స్పిండిల్‌ని, చివర వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. టకటకమని ఆడుతోందా? అయితే ఆ వదులులోంచే గాలి దూరుతుంది. పాత ఎస్‌యూల్లో నేను మొదట అనుమానించేది దాన్నే. మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి ఇంజిన్‌కి మిక్చర్ తీసుకెళ్లే గొట్టం) గ్యాస్కెట్ లీకవుతోందేమో చూడటానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా అతుకుల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టండి, ఎక్కడ కొడితే స్పీడు మారుతుందో అక్కడే లీకు. అది మంటలు పట్టే సరుకు, వేడి ఎగ్జాస్ట్ మీద పడనివ్వకండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉంచుకోండి.

ఇక మారుతి కార్బ్యురేటర్ సంగతి. దాని జెట్లు 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌కి లెక్కగట్టినవి, మీది నాలుగు సిలిండర్లు. పైగా లీకు మానిఫోల్డ్‌లో ఉంటే ఏ కార్బ్యురేటర్ పెట్టినా ఇదే వణుకు. ఎస్‌యూ లోపలి పిస్టన్ (ఇంజిన్ పిస్టన్ కాదు) గాలిని బట్టి తనే లేస్తుంది, దిగుతుంది, అందుకే కైలాసగిరి ఎక్కేటప్పుడైనా బీచ్ రోడ్డులో నెమ్మదిగా పోయేటప్పుడైనా వేరే జెట్లు అక్కర్లేదు. లేత్ షాపులో స్పిండిల్ తిరిగే చోట కొత్త బుష్‌లు వేయించి, స్పిండిల్, గ్యాస్కెట్లు మార్పించండి. పిస్టన్‌ని వేలితో లేపి వదిలితే టక్కుమని కిందపడాలి, లేకపోతే సూది సరిగ్గా మధ్యలోకి వచ్చేలా జెట్ సెంటర్ చేయాలి. ఆ పిస్టన్ కదలికను నెమ్మది చేసే డ్యాంపర్‌లో ఎస్ఏఈ 20 ఆయిల్ పోయండి.

చివరగా, ఇంజిన్ వేడిగా ఉండగా కార్బ్యురేటర్ పక్కనుండే లిఫ్టింగ్ పిన్‌తో ఆ పిస్టన్‌ని ఓ మిల్లీమీటరు లోపే ఎత్తండి. స్పీడు కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉంది, పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పడిపోతే ఇంకా లీన్. లీన్ అయితే జెట్ నట్‌ని ఒక్కో ముఖం చొప్పున కిందికి తిప్పండి. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఎలాగూ జెట్ కొద్దిగా దించాల్సి వస్తుంది, పాత రబ్బరు పైపులు కూడా మార్చేయండి. అంబాసిడర్ల మీద చేయి తిరిగిన పెద్ద మెకానిక్ ఎవరైనా దొరికితే ఈ పని ఆయనకే అప్పగించండి.