పంపు మోగితే సెలైన్‌తో ఫ్లష్ చేయవద్దు

కూకట్‌పల్లి ఇంట్లో మీ తమ్ముడికి పెట్టిన బ్లినాటుమోమాబ్ (ఒక రకం రక్త క్యాన్సర్ మందు) పంపు అర్ధరాత్రి మోగుతోందని, ట్యూబును సెలైన్‌తో ఫ్లష్ చేయవచ్చా అని అడిగారు. ససేమిరా వద్దండీ! విడతకు 28 రోజులు బొట్టుబొట్టుగా ఎక్కాల్సిన మందు అది. ఫ్లష్ చేస్తే ట్యూబులో ఉన్నదంతా ఒక్కసారిగా రక్తంలోకి పోతుంది. ముందు క్లాంపు (ట్యూబును మూసే క్లిప్పు) మూసుకుందేమో, పడుకున్నప్పుడు ట్యూబు ఒంటి కింద నలిగిందేమో చూడండి. బ్యాటరీ సంగతీ చూడండి. అయినా మోగుతుంటే సెట్టింగుల జోలికి పోకుండా మీ ఆసుపత్రి ఇచ్చిన నంబరుకు ఫోను చేయండి. పంపు ఆగిన సమయం రాసిపెట్టండి. 4 గంటలు గానీ అంతకు మించి గానీ ఆగితే మళ్లీ ఆసుపత్రిలోనో, వైద్య సిబ్బంది పర్యవేక్షణలోనో మొదలుపెట్టాలి. జ్వరం, వణుకు, మాట తడబాటు, చివరికి చేతిరాత మారినా సరే, తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి బయలుదేరండి. ఆ వేళ ట్రాఫిక్ ఉండదు, అదొక్కటే నయం.