మేనకోడలికి: ఏ ఆల్బమ్ ముందు, ఏది తరువాత

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇజ్రాయెల్ రాక్ ఆల్బమ్‌లు వరుసగా వినాలని పూనుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇజ్రాయెల్‌లోని రమత్ గన్ ఊళ్లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉండగా నా చెవిన పడిన ఆ పాటల గురించి మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు కనుక గర్వంగానే ఉంది. దిగులు కూడా ఉంది.

మొదట కవేరెత్ బృందం 1973లో తెచ్చిన ‘సిపురే పూగీ’ విను. అందులో ఎక్కువమంది సైన్యపు నహల్ వినోద బృందంలో పాడి వచ్చినవారు. భాష తెలియకపోయినా ఆ చిలిపితనం తెలుస్తుంది. ఆ తరువాత తమూజ్ బృందం 1976 నాటి ‘సోఫ్ ఒనత్ హతపుజీమ్’. ఆ బృందంలోని షలోమ్ హనోఖ్ 1985లో సొంతంగా చేసిన ‘మెహకీమ్ లెమషీయహ్’ మూడోది. ఆ దేశంలో బ్యాంకు షేర్లు కుప్పకూలి అప్పటికి రెండేళ్లే అయిందని గుర్తుంచుకుంటే దానిలోని వెటకారం అర్థమవుతుంది.

నా భయమంతా గాయకుడు యెహుదా పొలీకర్ 1988 ఆల్బమ్ ‘ఎఫెర్ వెఅవక్’ గురించే. పదో తరగతి సెలవుల్లో విషాద గీతాలన్నీ షఫుల్‌లో పెట్టి, అర్ధరాత్రి దాకా దుప్పటి ముసుగులో విని, ఆ తరువాత ముద్ద గొంతు దిగక మీ అమ్మను ఏడిపించిన పిల్లవు నువ్వు. ఆ పని మళ్లీ చేశావంటే ఊరుకోను. పొలీకర్ తండ్రి, పాటలు రాసిన యాకోవ్ గిలాద్ తల్లి, ఇద్దరూ నాజీలు యూదులను చంపిన ఆష్విట్జ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడినవారే. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లల గుండెకోత ఆ ఆల్బమ్. అందులో మరో మరణ శిబిరమైన ట్రెబ్లింకా స్టేషను మీది పాట, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో రాసిన పోలిష్ కవిత. దాన్ని హిబ్రూలోకి తెచ్చింది గిలాద్ తల్లే.

నేను చూసుకున్న ముసలావిడ, ఆ యూదుల ఊచకోతను తలచుకునే హోలోకాస్ట్ స్మారక దినాన, పది గంటలకు నివాళి సైరన్ మోగగానే వంటగట్టు పట్టుకుని నిలబడింది. స్టవ్ మీద పాలు పొంగుతుంటే కట్టేయబోయిన నన్ను చేత్తో వారించింది. సైరన్ ఆగాక రేడియోలో పొలీకర్ పాట వచ్చింది. అది అయ్యేదాకా మాడిన పాల వాసనలోనే నిలబడి, ఆ తరువాత గిన్నె తానే తోమింది. నన్ను ముట్టనివ్వలేదు.

అందుకే తల్లీ, దాన్ని ఆదివారం పగటిపూట, అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, పాటల వరుస మార్చకుండా, అనువాదం పక్కన పెట్టుకుని విను. దానికి ముందే అతని 1985 ఆల్బమ్ ‘ఐనాయిమ్ షెలీ’ వినాలి. తల్లిదండ్రుల ఊరు సలోనికా నుంచి వచ్చిన గ్రీకు పాటల మోజు, బుజూకి తీగల హుషారు అందులో ఉన్నాయి. ఆ ఇంట్లో పండుగ కూడా ఉండేదని నీకు ముందే తెలియాలి. ఇయర్‌ఫోన్ శబ్దం సగానికి మించనివ్వకు. ఎహుద్ బనాయ్ 1987 ఆల్బమ్ సంగతి, ఇవి పూర్తయ్యాయని నువ్వు జవాబు రాశాక చెబుతాను.

మీ మామయ్య